బెంచీలు లేని పక్క

"బెంచీలు యాడ?" అని అడిగాడు మనోజ్, స్క్రీను మీదికి వంగి.

స్వప్న మౌసు కదిపింది. తలుపులోంచి చర్చి లోపలికి పోయి, నడిమి దారి వెంట వేదిక దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూపించింది. నేల మీద కడప బండలు, ఎడమ పక్క ఈత చాపలు, కుడి పక్క నీలం చారల జంపఖానాలు, కిటికీల్లోంచి పడే ఎండ. అన్నీ ఉన్నాయి. బెంచీలు మాత్రం లేవు. అసలు చర్చిలో లేవు కాబట్టి ఇందులోనూ పెట్టలేదని చెప్పింది.

హిందూపురంలో టైల్సు కొట్టు పైన రెండో అంతస్తులో ఉంది వాళ్ళ ఆఫీసు. పై దేశాల కంపెనీలు వీడియో గేములు తయారుచేస్తూ, వాటిలోకి కావలసిన ఇళ్ళనూ వీధులనూ కట్టే పనిని ఇట్లాంటి చిన్న ఆఫీసులకు అప్పగిస్తుంటాయి. ఈసారి వచ్చిన గేము మన వైపుదే. కరువు సీమలో ఒక చిన్న ఊరు, తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఆ ఊరికి వచ్చిన ఒక మనిషి. ఊరికి సంత కావాలి, బడి కావాలి, పోలీసు స్టేషను కావాలి, ఒక చర్చి కావాలి. పనులు పంచుకుంటున్నప్పుడు చర్చి మాట రాగానే అందరి కళ్ళూ స్వప్న వైపు తిరిగాయి. మీ వాళ్ళదే కదా, నువ్వే చెయ్యమన్నారు. ఆ 'మీ వాళ్ళు' అనే మాట ఆమె ఒకటో తరగతి నుంచీ వింటూనే ఉంది. వినీ వినీ ఒళ్ళు మండడం కూడా అలవాటయిపోయింది. సరే, మా వాళ్ళదే అయితే మా వాళ్ళది ఎట్లా ఉంటుందో అట్లాగే కడతాను, చూసుకోండి అనుకుంది లోపల.

పెనుకొండలో వాళ్ళ వీధి చివర ఉన్న చర్చి పెద్దదేమీ కాదు. రాతి గోడలు, పైన రేకులు, వాకిట్లో గంట. చెప్పులు మెట్ల దగ్గర విడిచి లోపలికి పోవాలి. ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు, అందరూ నేల మీదే. స్వప్న ఆ చర్చినే మూలమూలా ఫోటోలు తీసి, ముందు స్క్రీను మీద ఉత్త బూడిదరంగు డబ్బాలుగా నిలబెట్టి, తర్వాత రాయి రాయినీ విడదీసి చెక్కింది. గోడల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది. కింద కూర్చున్నవాళ్ళు గోడకు చేరగిలబడితే తల ఆనిన చోట సున్నం మీద నూనె మరక పడుతుంది. ప్రతి క్రిస్మస్‌కూ సున్నం కొడతారు, మళ్ళీ మరకలు పడతాయి. ఆ మరకల్ని ఆమె ఒక్కొక్కటే పూసింది. ఆడవాళ్ళ పక్క చిక్కగా, మగవాళ్ళ పక్క పలచగా. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమెకు చాలా సంతోషంగా ఉండింది.

ఇదంతా మనోజ్‌కు చెప్పినా ఎక్కలేదు. మనోజ్ చెడ్డవాడు కాదు. ధర్మవరం మగ్గాల వాళ్ళ పిల్లవాడు, ఈ విద్యలో ఓనమాలు దిద్దించింది ఆయనే. కానీ చర్చి అంటే ఆయనకు తెలిసింది సినిమాలో చర్చి. కష్టం వచ్చిన హీరో ఆఖరి బెంచీ మీద కూర్చుని శిలువ వైపు చూస్తాడు కదా, ఆ బెంచీ ఆయనకు కావాలి. రంగు అద్దాలు కావాలి, బారెడు కొవ్వొత్తులు కావాలి. నేల మీద చాపలు చూస్తే క్లయింటు ఇదేదో కల్యాణ మండపం అనుకుంటాడన్నాడు.

"అన్నా, మీ ఇంట్లో గుంత మగ్గం ఉండాది గదా. మీ నాయన గుంతలో కాళ్ళు పెట్టి నేల మీద కూచోని నేస్తాడు. ఎవురన్నా ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి బొమ్మ చేస్తే ఊరుకుంటారా?"

మనోజ్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. ఆపుకుని అసలు అస్త్రం తీశాడు. గేములో ఎక్కడైనా కాల్పులు మొదలు కావచ్చు, మొదలైతే ఆడేవాడు దాక్కోవడానికి ఏదో ఒక అడ్డం ఉండాలి. బెంచీ ఉంటే బెంచీ వెనక దాక్కుంటాడు, ఇక్కడ చాప కింద దూరాలా అన్నాడు. పక్క సీట్లవాళ్ళు పగలబడి నవ్వారు. స్వప్న కూడా నవ్వింది. నవ్వి, చాప కిందనే దూరమను, బెంచీ మాత్రం పెట్టను అంది. ఒంటరిగా ఆమె చేతికి వచ్చిన మొదటి కట్టడం ఇది. ఇది నిలబడితే ఇకమీదట ఇళ్ళూ గుళ్ళూ ఆమెవి, పడిపోతే మళ్ళీ కుండలూ చెత్తకుప్పలూ చేసుకుంటూ కూర్చోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చివరికి మనోజ్ ఒక మెట్టు దిగాడు. ఉన్నంతవరకూ క్లయింటుకు పంపిస్తానని, ఆదివారం ఆరాధన జరిగేటప్పుడు జనం నేల మీద కూర్చున్న ఫోటోలు తెమ్మని, అవి చేతిలో ఉంటే ఆమె తరపున తానే వాదిస్తానని చెప్పాడు.

ఆదివారం పొద్దున అవ్వను చెయ్యి పట్టుకుని చర్చికి నడిపించుకుపోయింది స్వప్న. అవ్వ నాగమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. నడవడం కన్నా కూర్చోవడం కష్టం, కూర్చోవడం కన్నా లేవడం కష్టం. గోడ పట్టుకుని, స్వప్న భుజం పట్టుకుని, అమ్మా దేవుడా అంటూ విడతలు విడతలుగా కిందికి దిగుతుంది. అయినా ఒక్క ఆదివారం మానదు.

మెట్ల దగ్గరికి వచ్చేసరికే వార్నీషు వాసన కొట్టింది. లోపల అడుగుపెట్టిన స్వప్న అక్కడే నిలబడిపోయింది. కుడి పక్కంతా బెంచీలు. కొత్త వేపచెక్క బెంచీలు, చెన్నేకొత్తపల్లి వడ్రంగి దగ్గర చేయించి రాత్రికి రాత్రి దించినవి, వరసగా వేదిక దాకా ఉన్నాయి. మగవాళ్ళు వాటి మీద కూర్చుని కాళ్ళు ఏం చేసుకోవాలో తెలియక అవస్థ పడుతున్నారు. కొందరు కాళ్ళు పైకి మడుచుకుని బాసిపట్టు వేసుకున్నారు. ఎడమ పక్క మామూలే. చాపలు, చాపల మీద ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలు.

స్వప్నకు ముందు కలిగింది కోపం కూడా కాదు, పరువు పోయినట్టయింది. మూడు రోజులుగా ఆఫీసంతా వినేట్టు మా చర్చిలో బెంచీలుండవు అని వాదించి వచ్చింది. ఇప్పుడు ఈ ఫోటో తీసుకుపోతే మనోజ్ ముఖం ఎట్లా వెలుగుతుందో ఆమెకు కనిపిస్తూనే ఉంది. అవ్వను పట్టుకుని గోడ వారగా కూర్చోబెట్టి తనూ పక్కన కూలబడింది.

పాటలయ్యాక ప్రకటనలు చదవడానికి ఆమె నాయన ఆశీర్వాదం లేచాడు. హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరయ్యాక ఆయన సంఘ పెద్దల్లో ఒకడయ్యాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో కాగితం.  ఈ బెంచీలు ఎవరో దొరబాబు ఇచ్చినవి కావని, మన సంఘంలోని అక్కచెల్లెళ్ళ గుప్పెడు బియ్యంతో వచ్చినవని, వాళ్ళ కష్టాన్ని బట్టి దేవునికి స్తోత్రం చెప్పమని అన్నాడు. పాస్టరు శామ్యూల్ అయ్యగారు ముందుగా చప్పట్లు మొదలుపెట్టారు.

గుప్పెడు బియ్యం అంటే ఆ సంఘంలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఆడవాళ్ళు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. కూలి దొరకని రోజున కూడా, ఇంట్లో పిడికెడే ఉన్న రోజున కూడా దేవుని గుప్పెడు దేవునికి పోవలసిందే. నెలాఖరుకు ఆ డబ్బాలు చర్చిలో కుమ్మరిస్తే ఆ బియ్యాన్ని వేలం పాడి అమ్ముతారు. పైనున్న రేకులు ఆ బియ్యమే. మైకు ఆ బియ్యమే. ఇప్పుడు మగవాళ్ళ కింద ఉన్న బెంచీలూ ఆ బియ్యమే.

చాపల మీద ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాగమ్మ కొట్టింది. చంటిపిల్లను ఒళ్ళో వేసుకున్న ఓబులమ్మ ఒక చేత్తో తొడ మీద తట్టింది. చప్పట్లు ఆగాక స్వప్న తన అరచేతులు చూసుకుంది. అవి కూడా కొట్టాయి. ఎప్పుడు మొదలుపెట్టాయో ఆమెకే తెలియలేదు. అప్పుడొచ్చింది కోపం.

ఆరాధన అయ్యాక ఆమె ద్వారం దగ్గర నిలబడి ఫోన్ ఎత్తింది. ఆశీర్వాదం చూసి, బెంచీలన్నీ పడేట్టు తియ్యి పాపా అన్నాడు మురిసిపోతూ. ఆమె రెండు పక్కలూ పడేట్టు తీసింది.

ఇంటికి వచ్చి అన్నాల దగ్గర కూర్చున్నాక అడిగింది, ఆడోళ్ళకు ఏంటికి వేయలేదని. ఆశీర్వాదం చాలా సులువుగా చెప్పాడు. సంఘంలో ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళు తక్కువ. వచ్చిన బెంచీలు ఆడవాళ్ళకు చాలవు, సగం మందికి వేస్తే మిగతా సగం కొట్లాటకు వస్తారు. మగవాళ్ళకైతే సరిగ్గా సరిపోయాయి. అందుకని ఇట్లా వేశాం, వాళ్ళకు మళ్ళీ చూద్దామని పెద్దలంతా కూర్చుని తీర్మానించారు. ఆ పెద్దల్లో ఆడమనిషి ఒక్కరూ లేరని వేరే చెప్పాలా?

"ముందు మాదిరే అందరూ కిందనే కూచోనుంటే పోయేది గదా నాయనా. ఏం తక్కువాయె?"

ఆశీర్వాదం ముద్ద కలపడం ఆపాడు. 

"నీకు ఆఫీసులో తిరిగే కుర్చీ ఉండాది పాపా, నీకు కింద కూచునేది బాగనే ఉంటాది. మీ తాత పెద్దోళ్ళ అరుగు ముందర మట్టిలో కూచునె. అరుగు మీద చెయ్యి పెట్టనీలే. నేను బడిలో ఇన్నేండ్లూ నిలబడే ఉంటి. ఖాళీ కుర్చీ ఉన్నా కూచోమన్నోడు లేడు. దేవుని ఇంట్లో గూడా నేను కిందనే కూచోవాలనా?"

 చాపలూ జంపఖానాలూ నూనె మరకలూ స్వప్నకు అందంగా కనిపించాయి. అందులో నాయన నడుం నొప్పి ఆమెకు కనిపించలేదు. ఆ మాటకు ఆమె సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే, గోడ వారగా పీట మీద కూర్చుని మెత్తని అన్నం మెల్లగా నములుతున్న అవ్వ వైపు చూసింది.

"మరి అవ్వ?" అంది.

"మళ్ళీ సూద్దామంటి గదా. వాళ్ళకు లేని బాధ నీకేంటికి? వాళ్ళే బియ్యమిచ్చిరి, వాళ్ళే చప్పట్లు కొట్టిరి." చెయ్యి కడుక్కుంటూ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఆమె చేసే ఆటలో బెంచీలు పెడితే రెండు పక్కలా పెట్టమని, లేకపోతే అసలు పెట్టవద్దని, మన ఇంటి సంగతి ఊరి ముందర వేయవద్దని. నాగమ్మ కంచం పక్కకు జరిపి, లేవడానికి చెయ్యి చాపింది.

సోమవారం రైలు దిగి ఆఫీసుకు పోయేదారిలో స్వప్న ఏం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకుంది. తాను ఓడిపోయానని ముందు తానే ఒప్పుకుంటే నవ్వేవాళ్ళు తక్కువ నవ్వుతారని అనుకుంది. తీరా తలుపు తోసేసరికి మనోజే ఎదురొచ్చాడు. ముఖం చేటంత ఉంది. క్లయింటు నుంచి జవాబు వచ్చిందట. చర్చి వాళ్ళకు తెగ నచ్చిందట. చాపలు, మెట్ల దగ్గర చెప్పులు, అందరూ ఒకే నేల మీద కూర్చోవడం ఎంతో బాగుందని రాశారట. పైగా చర్చి లోపల కాల్పులే లేవట, అక్కడ మాటలే నడుస్తాయట. బెంచీలు అక్కర్లేదు, నువ్వే గెలిచావు పో, చిన్న చిన్న మెరుగులు దిద్ది గురువారం వీడియో కాల్‌లో చూపించేద్దామన్నాడు.

మూడు రోజుల కింద ఈ మాట వినివుంటే స్వప్న ఎగిరి గంతేసేది. ఇప్పుడు బ్యాగు టేబుల్ మీద పెట్టి నిలబడింది. ఊరకుంటే చాలు. ఫోన్లో పాత ఫోటోలున్నాయి, చర్చి ఉన్నది ఉన్నట్టుగా అయిపోయింది, పేరొస్తుంది, ఇంట్లో నాయన కూడా సంతోషిస్తాడు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇంత హాయిగా చేతికొచ్చిన దాన్ని చూసి ఆమెకు భయం వేసింది.

"ఇప్పుడు బెంచీలుండాయన్నా. మొన్ననే వేసినారు. ఒక పక్కనే," అని ఫోన్ ఆయన చేతికిచ్చింది.

మనోజ్ ఫోటో చూశాడు. చూసి, అయితే ఏం, గేములో చర్చి పాతది అనుకో, బెంచీలు రాకముందుది అనుకో అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఆడేవాళ్ళెవరూ పెనుకొండకు వచ్చి సరిచూసుకోరు. స్వప్న మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇది సూసి వాళ్ళు ఏమంటాండారు? అందరూ ఒకే నేల మీద కూచున్నారు, ఎంత బాగుండాదో అంటాండారు. కూచోలేదన్నా. కూచున్నట్టు నేను చేసి పంపిస్తే, అదిగో మీ వాళ్ళు ఎంత సమానంగా ఉండారో అని మీరంతా మెచ్చుకుంటారు. మా అవ్వ మాత్రం ఆడ గోడ పట్టుకోని కిందికి దిగతానే ఉంటాది."

అయితే రెండు పక్కలా వేసెయ్యి, నీ చేతిలో పనే కదా, ఆడవాళ్ళను కూడా కూర్చోబెట్టు అన్నాడు మనోజ్. ఆయన మంచికే అన్నాడు. ముందు ఆడ కూచోనీ, తర్వాత ఈడ వేస్తాను అంది స్వప్న. అప్పుడు ఆయనకు నిజంగా కోపం వచ్చింది. చాపల కోసం నెత్తీ నోరూ కొట్టుకున్నది నువ్వే, చాపలు ఒప్పుకున్నాక వద్దంటున్నదీ నువ్వే, నచ్చిందని రాతపూర్వకంగా ఒప్పుకున్న పనిని చెడగొట్టేవాళ్ళను తన సర్వీసులో చూడలేదన్నాడు. చివరికి గొంతు తగ్గించి, నీ ఇష్టం, గురువారం కాల్‌లో నువ్వే చూపించు, నువ్వే జవాబు చెప్పు, వాళ్ళు కాదంటే చర్చి ఇంకొకరికి ఇస్తాను, తర్వాత నన్ను అడగవద్దని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంతవరకూ ఏ కాల్‌లోనూ స్వప్న నోరు తెరవలేదు. ఎప్పుడూ మనోజే మాట్లాడతాడు, పని చేసినవాళ్ళు కెమెరా ఆపుకుని వింటారు.

బెంచీ చేయడం పెద్ద పనేమీ కాదు. ఒక పలక, ఆనుకోవడానికి ఇంకో పలక, నాలుగు కాళ్ళు. కానీ స్వప్న దాన్ని కూడా పట్టి పట్టి చేసింది. ఫోటోను పెద్దది చేసి వేపచెక్క గీతలు ఎటు పోతున్నాయో చూసింది. వార్నీషు కారి కాళ్ళ దగ్గర గడ్డకట్టిన చోట అట్లాగే గడ్డకట్టించింది. మేకు దిగగొట్టినప్పుడు చెక్క చిట్లిన చోట చిట్లించింది. ఒకటి చేసి, దాన్నే వరసగా కుడి పక్కంతా పరిచింది. కుడి పక్క జంపఖానాలు తీసేసింది. ఎడమ పక్క చాపల్ని ముట్టుకోలేదు.

కుడి గోడ దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. మగవాళ్ళు కింద కూర్చున్నప్పటి నూనె మరకలు ఇప్పుడు బెంచీల వెనక, నడుం ఎత్తున పడిపోయాయి. బెంచీల మీద కూర్చున్నవాడి తల అక్కడికి రాదు. చూసేవాడికి అది తప్పులా కనిపిస్తుంది. మరకలు పైకి జరపాలి, లేకపోతే చెరపాలి. ఆమె కాసేపు ఆలోచించి రెండూ చేయలేదు. నిన్నటిదాకా వీళ్ళూ అక్కడే కూర్చున్నారు, ఉండనీ అనుకుంది.

గురువారం కాల్‌లో అవతల ఇంగ్రిడ్ అనే ఆవిడ ఉంది. ఆ గేముకు బొమ్మల పనంతా చూసుకునేది ఆవిడే. నెరిసిన జుట్టు, మెడలో కళ్ళజోడు. మనోజ్ రెండు మాటలు మాట్లాడి, మిగతాది మా స్వప్న చెబుతుందని తప్పుకున్నాడు. స్వప్న తనకు వచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టింది.  తలుపులోంచి లోపలికి పోయి బెంచీలు కనిపించగానే, ఇవి ముందు లేవు కదా అని ఆగింది ఇంగ్రిడ్. కుడి గోడ దగ్గర ఇంకాసేపు ఆగి, బెంచీల వెనక ఈ మరకలేమిటి, ఇంత కిందికి ఎందుకున్నాయని అడిగింది.

స్వప్న చెప్పింది. ఒకసారి మొదలుపెట్టాక ఇంగ్లీషు తప్పులు పట్టించుకోవడం మానేసింది. ఈ పక్క మగవాళ్ళు, ఆ పక్క ఆడవాళ్ళు అని చెప్పింది. నిన్నమొన్నటిదాకా అందరూ నేల మీదే అని చెప్పింది. తన తాతను మట్టిలో కూర్చోబెట్టినవాళ్ళ గురించి, బడిలో పొద్దంతా నిలబడిన నాయన గురించి చెప్పింది. గుప్పెడు బియ్యం గురించి చెప్పడానికి చాలా కష్టపడింది, ఆ మాటకు ఇంగ్లీషు దొరక్క పిడికిలి మూసి కెమెరాకు చూపించింది. ఆ బియ్యం ఎవరిదో, బెంచీలు ఎవరికో చెప్పింది. మనోజ్ ఆమె పక్కన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. ఇంట్లో మగ్గానికి పోగులు చుట్టి ఇచ్చేది వాళ్ళమ్మ, చీర నేసినవాడిగా పేరు వాళ్ళ నాయనది. ఆ సంగతి ఆయనకు ఆ క్షణాన గుర్తొచ్చిందో లేదో స్వప్నకు తెలియదు. ఆయన మాత్రం అడ్డం రాలేదు.

ఇంగ్రిడ్ కళ్ళజోడు పెట్టుకుని కుడి గోడను మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత ఇట్లాగే ఉంచమంది. కుడి పక్క బెంచీలు, ఎడమ పక్క నేల, ఒక్క మేకు కూడా మార్చవద్దని, తన కథ రాసేవాళ్ళతో కూడా మాట్లాడతానని అంది. మనోజ్ ఊపిరి వదిలాడు. స్వప్న థాంక్స్ చెప్పి కాల్ ముగించబోతుంటే ఆవిడ ఉండమంది. చెక్క చాలా బాగా వచ్చిందని, ఆ బెంచీ కూర్చోవడానికి ఎట్లా ఉంటుందని అడిగింది. మామూలుగానే, ఊరికే అడిగింది.

 ఆ బెంచీ చెక్క గీతలు స్వప్నకు తెలుసు. మేకులు తెలుసు. కింద వార్నీషు ఎక్కడ గడ్డకట్టిందో తెలుసు. కూర్చోవడానికి ఎట్లా ఉంటుందో తెలియదు. ఆ ఆదివారం అన్ని బెంచీల పక్కనుంచీ నడిచి వచ్చింది, ఫోటో తీసింది, కోపం తెచ్చుకుంది, ఇంటికొచ్చి నాయనను నిలదీసింది. ఒక్కదాని మీద కూడా కూర్చోలేదు. కూర్చోవచ్చని తోచనేలేదు. నేను కూర్చోలేదు అని చెప్పింది, చెబుతుంటే చెవులు వేడెక్కాయి. ఓ అంది ఇంగ్రిడ్.

కాల్ అయ్యాక మనోజ్ ఆమె భుజం తట్టి, గట్టి పిండానివే అన్నాడు. ఆఫీసులో అందరికీ టీలు చెప్పించాడు. ఇకమీదట కట్టడాలన్నీ స్వప్నవే అని గట్టిగానే ప్రకటించాడు. ఆమె టీ తాగింది, నవ్వింది, కానీ ఆ మెప్పు ఒంటికి పట్టలేదు. వేల మైళ్ళ అవతల ఉన్న మనిషి ముందర పిడికిలి ఎత్తి చూపించడం సులువే. ఎదురుగా మామలూ పెదనాయనలూ ఉన్న చోట ఆ చెయ్యే చప్పట్లు కొట్టిందని ఆమెకు తెలుసు. ఎంత గట్టి పిండమో ఆదివారం తేలుతుంది అనుకుంది.

ఆదివారం మెట్లెక్కాక నాగమ్మ అలవాటుగా ఎడమకు తిరిగింది. స్వప్న చెయ్యి వదలకుండా కుడికి తిప్పింది.

"యాడికే?" అంది అవ్వ.

"నీ బెంచీ మీదికి," అంది స్వప్న.

 నడిమి దారి వెంట ఇద్దరూ ముందుకు నడిచారు. జనం ఇంకా పూర్తిగా రాలేదు. మొదటి బెంచీ చివర ఆశీర్వాదం కూర్చునే చోట ఆయన పాటల పుస్తకం పెట్టి బయటికి వెళ్ళాడు. స్వప్న పుస్తకం తీసి చేతిలో పట్టుకుని, అవ్వను అక్కడ కూర్చోబెట్టింది. గోడ పట్టుకోనక్కర్లేదు, విడతలు విడతలుగా దిగనక్కర్లేదు. నాగమ్మ ఒక్కసారిగా కూర్చుని, కూర్చోవడం అప్పుడే అయిపోయిందా అన్నట్టు చుట్టూ చూసింది. పక్కన స్వప్న కూర్చుంది. అదే బెంచీ మీద ఉన్న మామలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. శామ్యూల్ అయ్యగారు వేదిక మీద బైబిలు పేజీలు తిప్పుతూ తల ఎత్తలేదు.

ఆశీర్వాదం లోపలికి వచ్చి చూశాడు. పెద్ద పెద్ద అంగలతో వచ్చి, కూతురితో కాదు, తల్లి ముందుకు వంగి మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఇది మొగోళ్ళ పక్క. లెయ్యి, నలుగురూ సూస్తాండారు."

నాగమ్మ చీర కొంగు తల మీదికి సర్దుకుంది.

"సూడనీ. మీ నాయన అరుగు మీద చెయ్యి పెడితే వాళ్ళూ ఇదే మాట అనిరి. ఇది మీ పక్క గాదు, లెయ్యి అనిరి. ఆ పొద్దు మీ నాయన లేసె. నాకు లేసే ఓపిక లేదు."

ఆమె గొంతు పెద్దది కాదు గానీ రేకుల కప్పు కింద బాగానే వినిపించింది. ఆశీర్వాదం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. ఆయన కూర్చునే చోట అమ్మ ఉంది, పుస్తకం కూతురి చేతిలో ఉంది. ఏదైనా అంటాడేమోనని స్వప్న ఆయన ముఖమే చూస్తోంది.  చూపు దించుకోలేదు. ఆయన బడిలో నిలబడినట్టే బెంచీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శామ్యూల్ అయ్యగారు ఇక ఆగలేక పాట మొదలుపెట్టారు. మొదటి చరణం సగం మందే పాడారు. ఆ సందట్లో చాప చప్పుడైతే స్వప్న తిరిగి చూసింది. ఓబులమ్మ చంటిపిల్లను భుజానేసుకుని లేచి నిలబడింది. నడిమి దారి దాకా వచ్చి ఆగింది. దాటాలా వద్దా అని చూస్తోంది. ఆమె వెనక ఇంకెవరో కొంగు సర్దుకుంటూ లేస్తున్నారు.

స్వప్న పక్కనున్న మామ వైపు తిరిగింది.

"రోంత జరుగు మామా," అంది. "ఇంగా వస్తాండారు."